వలస వచ్చిన యువకులు, విడువని రోగములు

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములు హైదరాబాదు నగరమునకు పూవులు, కూరగాయలు పంపు పెరటితోటల వంటివి. ఇచ్చటి తోటలకును, కోళ్లఫారములకును, జిల్లాలోని ఇటుక బట్టీలకును పనికై వచ్చువారిలో పెక్కండ్రు పరప్రాంతముల పడుచువారు. వారి కూలి మనము లెక్కవ్రాయుదుము. వారు దేహములలో మోసికొని వచ్చిన దీర్ఘరోగముల మాట యడుగువారు మాత్రము అరుదు.

ఒక్క వ్యాధిని చూతము. సికిల్‌సెల్ రక్తహీనత పుట్టుకతో వచ్చు రోగము. ఎఱ్ఱ రక్తకణములు కొడవలివలె వంగి సన్నని నాళముల నడ్డగింపగా, ఎముకలలో, కీళ్లలో తాళలేని నొప్పి పుట్టును. నీరు చాలకున్నను, శ్రమ మితిమీరినను, చలి సోకినను, జ్వరము తగిలినను ఈ నొప్పి పైకొనును. పశ్చిమ ఒడిశాలో ఈ వ్యాధి విస్తారముగా నున్నది. ఆ ప్రాంతమందలి బలాంగీరు, నువాపడా జిల్లాలనుండియే యేటేట శీతకాలారంభమున వేలాది కూలీలు ముందస్తు సొమ్ము పుచ్చుకొని హైదరాబాదు చుట్టుపట్ల బట్టీలకు వచ్చి, తొలకరికి మరలిపోవుచున్నారు. ఎండ, దప్పి, బరువుపని: ఈ రోగికి కీడుచేయునవన్నియు బట్టీలోనే కలవు. పైకి గాయము కానరాదు గనుక, నొప్పితో పడియున్న కుఱ్ఱవానిని సోమరి యనుట బహు సులభము.

ఈ వ్యాధి వైద్యచరిత్ర యొక వలస యువకునితోడనే ప్రారంభమైనది. గ్రెనడా ద్వీపమునుండి దంతవైద్యము నేర్వ చికాగోకు వచ్చిన వాల్టరు క్లెమెంటు నోయెలు 1904లో, ఇరువదేండ్ల ప్రాయమున, ఆసుపత్రి చేరెను. అతని రక్తమందలి వింత కణములనుగూర్చి డాక్టరు జేమ్సు హెరిక్ 1910లో ప్రకటించెను. నోయెలు విద్య ముగించి స్వదేశమేగి, 1916లో చిన్నవయసుననే మరణించెను. శాస్త్రము అతని కణములను జ్ఞాపకముంచుకొన్నది. పరదేశమున ఆ నొప్పితో అతడెట్లు చదివెనో, ఎవరికి చెప్పుకొనెనో ఎందరెరుగుదురు?

మన ప్రభుత్వము 2023 జూలై 1న సికిల్‌సెల్ నిర్మూలనోద్యమమును ప్రారంభించినది. నలువదేండ్లలోపు వారిని ఏడుకోట్లమందిని పరీక్షింపవలెననియు, 2047 నాటికి వ్యాధిని తుదముట్టింపవలెననియు సంకల్పించినది. ఇది శ్లాఘనీయము. అయినను రక్తపరీక్ష వేరు, రోగి యనుభవమును విచారించుట వేరు. నొప్పిని తగ్గించు హైడ్రాక్సీయూరియా అనుదినము మ్రింగవలసిన మందు. రైలెక్కిన పిదప ఆ మందేమైనది? మేస్త్రీకి తెలిసిన పని పోవునని దాచిరా? అప్పు తీరలేదని నొప్పితోడనే ఇటుకలు మోసిరా? వీనికి సూక్ష్మదర్శిని సమాధానము చెప్పజాలదు.

కావున విచారణ వారి భాషలో, మేస్త్రీ వినని చోట జరుగవలెను. ఒక్క పనికాలముతో ముగియక వారి స్వగ్రామమువరకు వెంబడింపవలెను. కూలి వలస తాత్కాలికమైనను రోగము యావజ్జీవము. చేవెళ్లలోను, మొయినాబాదు మండలములోను వైద్యకళాశాలలు కలవు. అందలి విద్యార్థులకు ఇంతకంటె మంచి పాఠము వేరొక్కటి యుండదు.

ఇందొక ప్రమాదము గలదు. రోగుల పేర్లు బయటపడి, అది పనినుండి తొలగించువారి పట్టికగా మారినచో, మరునాటినుండి ఒక్కడును నోరు విప్పడు. కాబట్టి పేర్లు గోప్యముగా నుండవలెను. చెప్పినవానికి మందు, నీరు, నీడ, తేలికపని లభింపవలెను. క్షయరోగికి నిక్షయ్ సంఖ్యతో చికిత్స ఊరు మారినను కొనసాగు వీలున్నది. 2018లో నెలకు 500 రూపాయలుగా ప్రారంభమైన పోషకాహార సహాయము 2024 నవంబరు నుండి 1000 రూపాయలైనది. అంటురోగమునకు చూపిన ఈ శ్రద్ధ అంటని రోగమునకును చూపవలదా?

స్వతంత్ర భారతమున ఒక రాష్ట్రపు పొలిమేర దాటినవాడు పరదేశి కారాదు. మన తోటకు నీరుపెట్టు చేయి, మన యింటికి ఇటుక కాల్చిన చేయి ఎందుకు వణకుచున్నదో విచారించుట దానము కాదు, ధర్మము. భూస్వాములును పట్టణవాసులును ఈ విచారణకు తమ తోటల ద్వారములు తెరతురుగాక!