నీటిలోని క్రోమియము - దాని కొలత

సైకిలు హ్యాండిలు మీది తళుకునకు, కుళాయి మీది మెఱుపునకు, కాలి చెప్పుల తోలు కుళ్ళక మన్నుటకు మూలమైన లోహమొక్కటే: క్రోమియము. 1797లో వోక్లెన్ అను ఫ్రెంచి రసాయనజ్ఞుడు సైబీరియా నుండి వచ్చిన ఎఱ్ఱని ఖనిజములో దీనిని కనుగొనెను. లవణములు రంగురంగులుగా నుండుటచే, రంగు అను అర్థమిచ్చు గ్రీకు పదముతో దీనికి పేరు పెట్టిరి.

కర్మాగారములు వదలు నీటిలో ఇది రెండు రూపములలో నుండును. తోళ్ళ పదునుకు వాడునది త్రిసంయోజకము. ఆకుపచ్చనిది, మామూలు నీటిలో అంతగా కరగి కదలదు. పూత వేయు తొట్లలోనిది షట్సంయోజకము. పసుపు, నారింజ వన్నెలది. ఇది నీటితో భూమిలోనికింకి బావులను చేరగలదు, జీవకణములలోనికి చొరగలదు. దీని తుంపరను, ధూళిని పీల్చిన కార్మికులకు ఊపిరితిత్తుల క్యాన్సరు కలుగునని నిర్ధారణమైనది. కనుక క్రోమియమెంత అని అడిగినవారు, ఏ క్రోమియమనియు అడుగవలెను. మేమిచ్చట చెప్పదలచినది ఆ కొలతను గూర్చియే.

నీటిని ఆమ్లీకరించి డైఫినైల్ కార్బజైడు కలిపినచో, షట్సంయోజకమున్న యెడల కొలది నిమిషములలో ఎఱుపు కలిసిన ఊదారంగు తేలును. త్రిసంయోజకమెంత యున్నను ఆ రంగు రాదు. 540 నానోమీటర్ల కాంతిని దానిగుండ పంపి, ఎంత కాంతి మ్రింగబడినదో చూచి, తెలిసిన పాళ్ళ ద్రావణములతో సరిపోల్చుదురు. డికాక్షను చిక్కదనమును ఇల్లాలు రంగును బట్టి చెప్పుట వంటిదే. కంటికి బదులు యంత్రము. మొత్తము కావలెనన్నచో పర్మాంగనేటుతో అంతయు షట్సంయోజకముగా మార్చి కొలుతురు. తీసివేతచే రెండవది తెలియును.

అసలు చిక్కు సీసా దగ్గఱ కలదు. లోహముల పరీక్షకై నీటిలో నత్రికామ్లము వేసి నిలువచేయుట వాడుక. సేంద్రియ పదార్థములున్న మురుగునీటికిని అట్లే చేసినచో, షట్సంయోజకము సీసాలోనే త్రిసంయోజకముగా మారిపోవచ్చును. ఊదారంగు రాదు, చీటీమీద "లేదు" అని వ్రాయుదురు, బావిలో మాత్రమది ఉండనే యుండును. కావున ఆమ్లము వేయక, చల్లగా నుంచి, 24 గంటలలోపల పరీక్షింపవలెను. పాడైన సీసా నుండి ఎంత నిపుణుడును నిజమును రాబట్టలేడని మా యభిప్రాయము.

మన నియమముల ప్రకారము నదులలోనికి వదలు నీటిలో షట్సంయోజకము లీటరుకు 0.1 మిల్లీగ్రామునకు మించరాదు. అనగా 10,000 లీటర్ల ట్యాంకరు లారీలో ఒక గ్రాము! ఆ పాటి పసుపు కంటికి ఆనదు.

చిత్తూరు సీమగుండ పారు పాలారు, తమిళనాడులోని రాణిపేట ప్రక్కగా పోవును. అచ్చట క్రోమేటు లవణములు చేసిన కర్మాగారమొకటి 1995లో మూతపడినది. అది విడిచిన వ్యర్థపు గుట్ట రెండు లక్షల టన్నులకు పైబడినది. దానినుండి షట్సంయోజకము భూగర్భజలములోనికి దిగినది. కర్మాగారములోనే ఆమ్లపు నీటిలో సోడియం బైసల్ఫైటు కలిపి త్రిసంయోజకముగా మార్చి, పిదప సున్నము వేసినచో క్రోమియము ఆకుపచ్చని మడ్డిగా అడుగునకు దిగును. ఆ మడ్డిని వాననీరు తగులని, అడుగున నీరింకని గోతిలో పూడ్చవలెను.