ఇది కావలెనా, అది కావలెనా?

సాయంకాలమున రచ్చబండ కడ నలుగురు చేరినపుడు పొడుపుకథలు విప్పుటయు, భేతాళుని ప్రశ్నకు విక్రమార్కునికంటె ముందుగా ఉత్తరము చెప్పజూచుటయు మనకు క్రొత్తగాదు. అట్టి వేడుకయే యొకటి సముద్రముల కావల అద్భుతకథలును సైన్సు కథలును జదువువారి నడుమ బాగుగ వ్యాపించియున్నది. ఆ పుస్తకములు చదివెడి మన మనుమలును దాని నాడుచున్నారు. "నీకు ఎగురు శక్తి కావలెనా, కంటికి కనబడకుండు శక్తి కావలెనా?" యని పిల్లలు గంటలకొలది వాదులాడుచుండగా విని, ఇది పనిలేని ప్రసంగమని మీలో కొందరు విసుగుకొనియుందురు. ఆ ప్రశ్న యెట్టిదో, దాని బల మెక్కడ నున్నదో నేడు మనవి చేయదలచితిని.

ఆటకు నియమములు స్వల్పములు. ఎదుట రెండు వస్తువులు పెట్టబడును. అవి యీ లోకమున దొరకునవి కానక్కరలేదు. రెంటిలో నొకటి యెన్నుకొనవలెను. రెండును కావలెననరాదు, రెండును వలదనరాదు, మూడవదానిని కోరరాదు. ఎన్నుకొనిన పిమ్మట ఎందుకని యడిగినచో కారణము చెప్పవలెను. ఈ కడపటి నియమమే యాటకు ప్రాణము. ఉత్తరము రెండు మాటలలో ముగియును. కారణము చెప్పబోవుసరికి ప్రొద్దు క్రుంకిపోవును.

ఇట్టి ప్రశ్న మనకు పరాయిది కాదు. మృకండు మహర్షి సంతానమునకై తపస్సు చేయగా పరమేశ్వరుడు ప్రత్యక్షమై, గుణహీనుడై చిరకాలము బ్రతుకు కొడుకు కావలెనా, గుణవంతుడై 16 ఏండ్లే బ్రతుకు కొడుకు కావలెనా యని యడిగెను గదా! గుణమును దీర్ఘాయువును రెండును గల కొడుకు నిమ్మని యడుగుటకు మహర్షికి వీలులేదు. ఆ వీలు లేకుండుటయే ప్రశ్నకు పదును. ద్వారకకు పోయిన దుర్యోధనార్జునుల కెదురైనదియు నిట్టిదే: ఆయుధము పట్టని కృష్ణు డొకవైపు, నారాయణసేన యొకవైపు. తిరుపతి వేంకటకవుల నాటకమున పడకసీను రక్తికట్టిన రాత్రి, తామైనచో దేనిని కోరుకొందుమో యని ప్రేక్షకులు మనసులో లెక్కవేసికొనకపోరు. సేన తనకు దక్కినదని పొంగిపోయిన దుర్యోధనుని మనము తెలివితక్కువవాడని తేలికగా నందుము. కాని యుద్ధమునకు బోవువాడు సేనను చూచి సంతోషించుట తెలివితక్కువ యెట్లగును? కథాంతము మనకు తెలియును, ఆతనికి తెలియదు, అంతియే భేదము.

భేతాళుని ప్రశ్న లింకొక జాతివి. తలలు తారుమారైన కథలో ఆ యింతికి భర్త యెవ్వడని యడుగగా, శిరస్సే ప్రధానమని విక్రమార్కుడు నిర్ణయము చెప్పును. అచట సరియైన యుత్తర మొక్కటే. ఈ యాటలో నట్టి నిర్ణయము లేదు. ఎన్నుకొన్నవాడు తన్ను తానే తూచుకొనును, తోడివారు తక్కెడ పట్టుకొందురు.

సైన్సు కథలు జదువువారు తొలినుండియు నొకరితో నొకరు ముచ్చటించుకొనుటకు తహతహలాడు జనము. 1926 ఏప్రిలులో హ్యూగో గెర్న్స్‌బాక్ అను నాతడు అమెరికాలో "అమేజింగ్ స్టోరీస్" అను మాసపత్రికను స్థాపించెను. కేవల మట్టి కథలకే యేర్పడిన మొదటి ఇంగ్లీషు పత్రిక యది. అందు పాఠకుల జాబులను వారి చిరునామాలతో గూడ అచ్చువేయుచుండిరి. దానివలన నొక యూరి పాఠకుడు వేరొక యూరి పాఠకునికి నేరుగా వ్రాయుట మొదలయ్యెను. జాబులనుండి సంఘములు, సంఘములనుండి సభలు పుట్టినవి. 1939 జూలైలో న్యూయార్కున జరిగిన మొదటి ప్రపంచ సభకు సుమారు 200 మంది వచ్చిరి. ఈ కాలపు సభలకు వేలకొలది పోవుచున్నారు. "ఇట్లైనచో నేమగును?" అని తలపోసి కథకుడు కథ వ్రాయును. "ఇట్లైనచో నీవేమి చేయుదువు?" అని పాఠకులు ఒకరినొకరు ప్రశ్నించుకొందురు. ఇట్టివారు కూడినచోట మన యాటకు లోటుండునా?

మొదట జెప్పిన ప్రశ్ననే తీసికొందము. ఎగురుటయా, కనబడకుండుటయా? చిన్నవాడు తటాలున నొకటి చెప్పును. అప్పుడు తోడివారు దాని ధర యడుగ మొదలిడుదురు. ఎగురుట బాగుగనే యుండును. కాని ప్రతి 1,000 అడుగులకును గాలి సుమారు 2 డిగ్రీలు చల్లబడును. 20,000 అడుగుల యెత్తున గాలి పీడనము సముద్రతీరమున నుండుదానిలో సగమైన నుండదు. ఎగురు శక్తి నిచ్చినవాడు ఊపిరియు వెచ్చదనమును గూడ నిచ్చెనా? ఇయ్యనిచో కొంగవలె చెరువు గట్లమీద తిరుగుటయే గతి.

కనబడకుండు సంగతి ఇంతకంటె చిక్కైనది. హెచ్. జి. వెల్సు అను ఆంగ్ల రచయిత 1897లో దీనిమీద నొక నవలయే వ్రాసెను. అందు గ్రిఫిన్ అను విద్యావంతుడు తన దేహమును అదృశ్యము చేసికొనును. దేహము కనబడదు గాని తొడిగిన చొక్కా కనబడును. కావున లండను నగరమున జనవరి చలిలో దిగంబరుడై తిరుగవలసివచ్చును. మంచు కురిసినచో మీద నిలిచి యాకారమును పట్టియిచ్చును. తిన్న యాహారము ఒంటబట్టువరకు కడుపులో కనబడుచుండును. కుక్క వాసన పట్టును. వీథిలో జనులు చూడక వచ్చి గ్రుద్దుకొందురు. శాస్త్రజ్ఞులు చూపు చిక్కు మరియొకటి కలదు. మనకు చూపు కలుగవలెనన్న వెలుతురు కంటి లోపలి పొరలో ఇంకవలెను. దేహమంతయు వెలుతురును దూసిపోనిచ్చునదైనచో ఆ పొరయు దానిని పట్టజాలదు. అనగా సంపూర్ణముగా అదృశ్యుడైనవాడు గ్రుడ్డివాడు! వెల్సు దీని నెరిగియే కంటి వెనుక రంగు కొంచెము మిగిలినట్లు వ్రాసెను. కథకుని చాతుర్యము మెచ్చదగినది.

ఇవి దేహమునకు సంబంధించిన ధరలు. సుమారు 2,400 ఏండ్లక్రిందటనే గ్రీకు తత్త్వవేత్త ప్లేటో తన గ్రంథమున వేరొక ధరను చూపెను. ఒక గొఱ్ఱెలకాపరికి ఉంగరము దొరకెను. దాని రాతిని అరచేతివైపు త్రిప్పినచో వాడు కనబడడు. వాడా శక్తితో రాణిని వశపరచుకొని, రాజును చంపి, రాజ్య మాక్రమించెను. ఎవ్వరును చూడనపుడు సైతము ధర్మము తప్పనివాడు కలడా యను చర్చలో వచ్చిన కథ యిది. మన పిల్లవాడు "నాకు అదృశ్యతయే కావలె"నన్నప్పుడు తోడివారు నవ్వుచు "ఎవరి పెరడు దూరుటకురా?" యని యడుగుటయు ఆ చర్చయే.

మన వయస్సువారికి తగిన ప్రశ్న యింకొకటి. చావులేని బ్రతుకు కావలెనా, 60 ఏండ్లే యైనను గట్టిగా నుండు బ్రతుకు కావలెనా? 20 ఏండ్లవాడు మొదటిదే కోరును. గ్రీకుల కథలో ఉషోదేవియు నట్లే తన ప్రియుడు టిథోనసునకు చావులేకుండ వరమడిగి, యౌవనము నడుగ మరచెను. అతడు చావలేక ముదిసి ముదిసి తుదకు కీచురాయివంటి పురుగయ్యెనందురు. జోనాథన్ స్విఫ్టు 1726లో ప్రకటించిన గలివరు యాత్రలలో ఈ సంగతి మరింత కటువుగ నున్నది. ఒక దీవిలో కొందరు ఎడమ కనుబొమమీద ఎఱ్ఱని మచ్చతో పుట్టుదురు, వారికి చావులేదు. వినగనే గలివరు పొంగిపోయి, తా నట్టివాడైనచో ఎంత ధన మార్జించునో, ఎంత విద్య నేర్చునో లెక్కలు వేసికొనును. తరువాత వారిని చూచును. 80 ఏండ్లు నిండగనే చట్టము వారిని చచ్చినవారిగా నెంచును. ఆస్తి వారసులకు పోవును, పొట్టకు కొంచెము భత్యము మిగులును. (మన యూళ్ళలో 80 నిండకమునుపే యీ చట్టము నడచు నిండ్లు లేకపోలేదు.) 90 ఏండ్లకు పండ్లు రాలును, రుచి తెలియదు, సొంతవారి పేర్లు గుర్తుండవు. అన్నిటికంటె ఘోరమేమన, కాలక్రమమున దేశభాషయే మారిపోవుటచే, 200 ఏండ్లు గడచినవారు ఇరుగుపొరుగువారితో నైన మాటలాడజాలరు. పుట్టిన గడ్డమీదనే పరదేశులైపోవుదురు. మనుమల మాటలు సగము తెలియక తలయూచుచుండు మనకు ఈ శిక్ష కొంత యూహ కందును.

ఈ ప్రశ్నను మనుమడు మిమ్ముల నడిగినచో కసరి పంపకుడు. తోడివారందరు పోయిన పిదప పగ లెంత పొడవో, కీళ్ళు పట్టిన తెల్లవారుజామున మనిషి దేనిని కోరునో, అయినను మునిమనుమని బారసాల చూడవలెనను నాశ యెట్లు చావకుండునో, ఆ లెక్క మీయొద్ద నున్నది. కథలు వ్రాసినవారిలో పెక్కురు దాని నూహించి వ్రాసినవారే.

కాలయంత్రపు ప్రశ్నలో మాత్రము పెద్దలు జాగ్రత్తగా నుండవలెను. 1895లో వెల్సు వ్రాసిన కథలో నొకడు యంత్రమెక్కి క్రీ. శ. 8,02,701వ సంవత్సరమునకు పోవును. పాఠకుల యాటలో ప్రశ్న యిట్లుండును: నూరేండ్లు వెనుకకు పోదువా, ముందునకు పోదువా? తిరిగివచ్చుట లేదు. మనలో పెక్కుమంది వెనుకకే యందురు. ఆ పాడి, ఆ పంట, ఆ మర్యాద వేరందురు. కాని ఆ కాలమున మశూచియు నుండెను. భూమిమీద నది లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది 1980లో. శిశుమరణము లధికమగుటచే 1951 ప్రాంతమున మన దేశపు సగటు ఆయువు సుమారు 32 ఏండ్లు. ఇప్పటి కది 70 ఏండ్ల కటునిటుగా పెరిగినది. ముందునకు పోయెదనన్నవానికి వేరొక ధర కలదు. అచట వానిని పేరుపెట్టి పిలుచువా డొక్కడును నుండడు.

రెండు తట్టలును సరితూగునట్లు ప్రశ్న వేయుటయే కష్టము. కోటి రూపాయలా, చెంపదెబ్బయా యన్నది ప్రశ్న కాదు. ఈ విద్యలో నారితేరినవాడు ఫ్రాంక్ స్టాక్‌టన్ అను అమెరికా కథకుడు. 1882లో "సెంచురీ" పత్రికలో నతని కథ యొకటి వచ్చెను. ఒక రాజు తన కూతురిని వలచిన యువకుని రంగస్థలమున నిలిపి, రెండు తలుపులలో నొకటి తెరువుమనును. ఒకదాని వెనుక పెద్దపులి. వేరొకదాని వెనుక నొక సుందరి, ఆమెతో వానికి తక్షణమే వివాహము. ఆ సుందరియనిన రాకుమారికి మంట. ఏ తలుపు వెనుక నేమున్నదో రాకుమారి కనుగొని, కుడివైపు తలుపు తెరువుమని ప్రియునికి సైగ చేయును. వాడు తెరచును. వచ్చినది పులియా, పడతియా? కథ యచ్చటనే ముగిసినది. పాఠకులు జాబులపై జాబులు వ్రాసిరి. 1885లో స్టాక్‌టన్ రెండవ కథ వ్రాసెను. అందు పరదేశీయు లైదుగురు వచ్చి ఆ తలుపు రహస్యము చెప్పుమందురు. కొలువులోని యుద్యోగి వారికి వేరొక కథ చెప్పును: కండ్లకు గంతలు కట్టి పెండ్లిచేసిన యొక రాకుమారుడు 40 మంది స్త్రీలలో తన భార్యను గుర్తింపవలెను, వారిలో నొకతె చిరునవ్వు నవ్వినది, ఒకతె కనుబొమ ముడిచినది. అతడు సరిగనే పట్టుకొనెను. నవ్వినదియా, ముడిచినదియా? దీనిని మీరు తేల్చినచో దానిని నేను చెప్పెదనని యా యుద్యోగి యనెను. స్టాక్‌టన్ 1902లో కాలధర్మము నొందెను. ఉత్తరము చెప్పలేదు.