ముందుగాల తప్పు ఫోన్ల జరగనీ

బండి మీదికెల్లి పడి తొడ బొక్క ఇరగ్గొట్టుకున్నోళ్లు లేని ఊరు ఉన్నదా? "రాడ్ ఏసిన్రు" అంటం, అయిపాయె. ఆ రాడ్ ఏసే ముందట డాక్టర్ బుర్రల ఏం నడుస్తదో ఎవ్వలం ఆలోచించం. అది తెలిస్తెనే, గా పనిని ఫోన్ల యాప్‌తోని ఎట్ల నేర్పుతున్రో సమజైతది.

కత్తి పట్టుడు తర్వాతి సంగతి. ముందు ఎక్స్‌రే చూసి బొక్క యాడ, ఎట్ల ఇరిగిందో చూడాలె. రాడ్ పొడుగెంత, లావెంత లెక్కగట్టాలె. పేషెంట్‌ను టేబుల్ మీద ఎట్ల పండవెట్టాలె, కాలు ఎటు గుంజితె ఇరిగిన ముక్కలు వరుసలకు వస్తయి, తుంటి కాడ కోత యాడ పెట్టాలె, ఇవన్నీ ముందే మనసుల ఉండాలె. ఫస్టు సన్నటి తీగ పోతది. దాని మీదికెల్లి బొక్క లోపల తొలుస్తరు. ఆ తర్వాత రాడ్, ఆఖరికి పైన కింద స్క్రూలు. రాడ్ దిగే జాగ జర పక్కకు జరిగితె బొక్క వంకరగ అతుక్కునే ప్రమాదం ఉంటది. రక్తం రెడీ ఉన్నదా, సరైన సైజు సామాను వచ్చిందా అని చూసుడు గూడ ప్లానింగే.

ఇదంతా పాత కాలంనుంచి ఎట్ల నేర్పుతున్రంటే, పెద్ద డాక్టర్ చేస్తుంటె పక్కపొంటి నిలవడి చూసుడు, తర్వాత తానే చేసుడు. మరి ఆ మొదటిసారి ఎవ్వలి ఒంటి మీద? ఎక్కువ మటుకు సర్కారు దవాఖానకొచ్చిన కూలోళ్ల ఒంటి మీదనే. నేర్చుకునుడు తప్పని నేననను, నేర్చుకోకుంటె రేపు డాక్టర్లు యాడికెల్లి వస్తరు? కానీ మొదటి తడబాటు మనిషి మీదనే ఎందుకు జరగాలె?

ఈడనే యాప్ పనికొస్తది. లండన్ల ఇద్దరు సర్జన్లు, జీన్ నెహ్మే, ఆండ్రే చౌ, 'టచ్ సర్జరీ' అని ఒకటి తయారుచేసిన్రు. ఆపరేషన్‌ను మెట్లు మెట్లుగ ఇడగొట్టి బొమ్మల్ల చూపెడ్తది. ఏలుతోని గీకాలె, జరపాలె, తర్వాత ఏం చెయ్యాల్నో నువ్వే చెప్పాలె. ఫస్టు నేర్పుతది, తర్వాత పరీక్ష పెట్టి మార్కులేస్తది. ఇదే తొడ రాడ్ ఆపరేషన్ మీద లండన్ల పరిశోధన గూడ జరిగింది. మళ్ల మళ్ల చేసినకొద్ది విద్యార్థుల మార్కులు పెరిగినయి.

అయితే మార్కులు పెరుగుడు వేరు, చెయ్యి తిరుగుడు వేరు. బొక్క తొలిచేటప్పుడు చేతికి తగిలే గట్టిదనం అద్దం మీద యాడికెల్లి వస్తది? ఒడ్డు మీద ఈత ఒడ్డు మీదనే. యాప్ నేర్పేది వరుస, నిర్ణయం. చెయ్యి పని మాత్రం పెద్ద డాక్టర్ పక్కన ఉండంగనే నేర్చుకోవాలె. యాప్ ఉన్నది కదా అని సీనియర్ల పోస్టులు ఖాళీ పెడ్తమంటే ఒప్పుకునేది లేదు.

ఇంకో ముచ్చట. 2020ల ఆ యాప్ కంపెనీని మెడ్‌ట్రానిక్ కొన్నది. ఆపరేషన్ సామాను తయారుచేసి అమ్మే పెద్ద కంపెనీ అది. సామాను అమ్మేటోడే పాఠం చెప్తుంటె, ఆ పాఠంల ఎవ్వలి సామాను కనవడ్తదో అడిగే హక్కు మనకున్నది. అందుకే సర్కారు పైసలతోని, మన మెడికల్ కాలేజీల సర్జన్లే తయారుచేసిన యాప్ కావాలంటున్న. పీజీ డాక్టర్లకే కాదు, నర్సులకు, ఓటీ టెక్నీషియన్లకు తెలుగుల ఉండాలె. టెక్నీషియన్‌కు తర్వాతి మెట్టు ఎరుకుంటె సామాను ముందే ట్రేల ఉంటది, పేషెంట్ మత్తుల పడుండే టైం తగ్గుతది.

ప్రపంచంల 500 కోట్ల మందికి సురక్షితమైన, భరించగలిగే ఖర్చుల ఆపరేషన్ అందుతలేదని 2015ల లాన్సెట్ కమిషన్ చెప్పింది. అండ్ల మన తండాలోళ్లు, గూడెమోళ్లు గూడ ఉన్నరు.

తమ్ముళ్లు, చెల్లెళ్లు, ఇంట్లోళ్లను ఆపరేషన్‌కు తోలుకపోతె సంతకం పెట్టే ముందు ఆగున్రి. చేసేది ఎవ్వలు, పక్కన పెద్ద సార్ ఉంటడా, రాడ్ సైజు చూసిన్రా, రక్తం తెచ్చిపెట్టిన్రా అని అడుగున్రి. కసురుకున్నా సరే, ఇంకోపారి అడుగున్రి.