టైరు మాట వినండి

పండుగలకు పిల్లాపాపలతో బెంగళూరు నుండి తిరుమలకు కారులో పోయివచ్చే కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నవి. వానలో ఘాటు దారిన అందరినీ కాచేది టైరే గదా! అయినా కొత్తది కొనేటప్పుడు ధర అడుగుతాము, "ఎన్నాళ్లు మన్నుతుంది?" అంటాము, దాని పక్కన అచ్చయిన అంకెలను మాత్రం చూడము.

185/65 ఆర్15 88హెచ్ అన్నదే తీసుకొందాము. మొదటివి కొలతలు. 88 అంటే ఒక్కొక్క టైరు 560 కిలోల దాకా మోయగలదు. హెచ్ అంటే గంటకు 210 కి.మీ. వేగానికి తట్టుకొంటుంది, అంత వేగంగా పొమ్మని కాదు! కారు తయారుచేసినవారు చెప్పినదానికంటె ఇవి తగ్గరాదు.

కొన్ని టైర్లపై అమెరికా పద్ధతి గుర్తులుంటవి. ట్రెడ్‌వేర్ 400 అంటే, పరీక్షలో 200 దానికి రెట్టింపు మన్నినదని. ట్రాక్షన్ అంటే తడిరోడ్డుపై బ్రేకు వేసినప్పటి పట్టు: ఏఏ ఉత్తమం, తరువాత ఏ, బి, సి. మన్నిక వేరు, పట్టు వేరు. మన్నికకు మురిసి పట్టును మరువరాదు.

తయారైన తేదీ కూడ చూడండి: 2319 అంటే 2019లో 23వ వారపు సరుకు. గాడి లోతు 1.6 మి.మీ.కు దిగిన టైరును మార్చి తీరవలసిందే.

ఇవన్నీ చదువుటకు నాలుగు నిమిషాలు చాలు. ఇంటిల్లిపాదీ క్షేమంగా ఇల్లు చేరడంకంటె మనకు కావలసినదేమున్నది?