ఇంటి గదులను యాత్రికులకు అద్దెకిచ్చు రైతులు తెలిసికొనవలసిన పన్నులు

డోర్నకల్ పెద్ద రైల్వే కూడలి. భద్రాచలం రోడ్డు స్టేషనుకు పోవు మార్గము ఇచ్చటనే చీలును. 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడిన ఎపిఫనీ కెథీడ్రలును చూచుటకు దూరప్రాంతముల నుండి వచ్చువారు కలరు. ఇట్టి చోట ఇంటిలో రెండు గదులు ఖాళీగా నున్న రైతు, వాటిని శుభ్రపరచి యాత్రికులకు అద్దెకిచ్చినచో, పంట చేతికి రాని నెలలలో కూడ కొంత రొక్కము కనబడును. అయితే రొక్కము వెంట పన్ను బాధ్యతయు వచ్చును. దానిని ముందుగా తెలిసికొననిచో వచ్చిన లాభము కాస్తా జరిమానా క్రింద పోవును.

ఈ పన్ను ఎచ్చట నుండి వచ్చినది?

యాత్రికులపై పన్ను క్రొత్తది కాదు. పూరీ క్షేత్రమునకు పోవు భక్తుల నుండి ఈస్టిండియా కంపెనీ వసూలు చేసిన పన్ను 1840లో రద్దయినది. మన ప్రాంతమున వసతి గృహముల గదులపై విలాస పన్ను విధించుటకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1987లో చట్టము చేసినది. 2017 జూలై 1 నుండి ఆ పన్ను పోయి, దాని స్థానమున జి.ఎస్.టి. అను వస్తు సేవల పన్ను వచ్చినది.

కొన్ని దేశములలో రాత్రి లెక్కన ప్రత్యేక పన్ను కలదు. భూటాన్ ప్రభుత్వము రాత్రికి భారతీయుల నుండి 1,200 రూపాయలు, ఇతర విదేశీయులలో పెద్దల నుండి 100 డాలర్లు వసూలు చేయుచున్నది. ఆమ్‌స్టర్‌డామ్ నగరములో 2024 నుండి గది అద్దెపై నూటికి పన్నెండున్నర వంతు యాత్రికుల పన్ను పడుచున్నది. మనవద్ద బసపై పడు ముఖ్యమైన పన్ను జి.ఎస్.టి.యే.

పన్ను రేటు

రోజుకు వెయ్యి రూపాయల లోపు గదికి పన్ను లేదని నమ్మువారు ఇంకను ఉన్నారు. ఆ మినహాయింపు 2022 జూలై 18న తొలగింపబడినది. 2025 సెప్టెంబరు 22 నుండి రోజు అద్దె 7,500 రూపాయలు మించని గదిపై పన్ను నూటికి 5, మించిన గదిపై నూటికి 18. ఐదు వంతుల రేటు క్రింద, పరుపులు, రంగులు కొన్నప్పుడు మీరు చెల్లించిన పన్నును తిరిగి జమ కట్టుకొను వీలు లేదు.

ఎవరు కట్టవలెను?

రైతుకు ముఖ్యమైన ప్రశ్న ఇదియే. సేవలు అందించువాని మొత్తము వ్యాపార విలువ సంవత్సరమునకు 20 లక్షల రూపాయలు మించనిచో, తెలంగాణములో సాధారణముగా జి.ఎస్.టి. రిజిస్ట్రేషను అవసరము లేదు. ఒక ఉదాహరణ చూడుడు. ఒక రైతు రెండు గదులను, గదికి రోజుకు 1,200 రూపాయల చొప్పున, ఏడాదిలో నూరు రాత్రులు అద్దెకిచ్చెననుకొందము. వచ్చు మొత్తము 2,40,000 రూపాయలు. ఇది 20 లక్షలకు ఎంతో తక్కువ.

అతిథి నేరుగా వచ్చి డబ్బు చెల్లించినచో, రిజిస్ట్రేషను లేని ఈ రైతు అతని వద్ద 1,200 మాత్రమే తీసికొనవలెను. రిజిస్ట్రేషను లేనివారు పన్ను పేరిట పైసా కూడ వసూలు చేయరాదు. పన్ను పేరిట వసూలు చేసి మూడు నెలలలో ప్రభుత్వమునకు జమ చేయనిచో, పదివేల రూపాయలు లేక ఆ పన్నుకు సమానమైన మొత్తము, ఏది ఎక్కువయినచో అది, జరిమానాగా పడును.

అదే అతిథి ఇంటర్నెట్టు ద్వారా బస కుదుర్చు సంస్థ మూలమున వచ్చినచో సంగతి వేరు. అప్పుడు 60 రూపాయల పన్నును ఆ సంస్థయే అతిథి నుండి రాబట్టి ప్రభుత్వమునకు కట్టవలెను. రైతు రిజిస్టరు కానక్కరలేదు. రిజిస్టరయిన యజమాని మాత్రము తన పన్నును తానే కట్టుకొనవలెను.

పంట వేరు, గది వేరు

తన పొలములో పండిన పంటను అమ్ముకొను రైతుకు ఆ అమ్మకము మేరకు రిజిస్ట్రేషను బాధ్యత లేదు. ఈ సదుపాయము గది అద్దెకు వర్తించదు. పైగా చట్టములో మొత్తము వ్యాపార విలువ అనగా పన్ను లేని అమ్మకములు కూడ కలిసినదే. కనుక మిరప, పత్తి ఎక్కువగా అమ్మి, భోజనము పెట్టి గదులిచ్చు పెద్ద రైతులు 20 లక్షల దరిదాపులకు రాకముందే పన్నుల సలహాదారుని సంప్రదింపవలెను.

ఆదాయపు పన్నులోను ఇదే తేడా కలదు. వ్యవసాయ ఆదాయముపై కేంద్రపు ఆదాయపు పన్ను లేదు. కాని గది పొలము నడుమ నున్నను, యాత్రికుల వలన వచ్చిన అద్దె వ్యవసాయ ఆదాయము కాదు. దానిని వేరుగా చూపవలెను. కరెంటు, చాకలి, పనివారి కూలి వంటి ఖర్చులను వ్యాపారపు లెక్కలో తగ్గించుకొనవచ్చును. అందుకు రసీదులు ఉండవలెను. ఇతర ఆదాయము పన్ను పరిమితి దాటినచో, రేటు నిర్ణయించునప్పుడు పంట ఆదాయమును కూడ లెక్కలోనికి తీసికొందురు.

ఆచరింపవలసిన పద్ధతులు

1. అతిథి వచ్చిన తేదీ, రాత్రుల సంఖ్య, తీసికొన్న డబ్బు ఒక పుస్తకములో ఏ రోజుకా రోజు వ్రాయుడు.

2. గది లెక్కను పంట లెక్కలో కలపకుడు. వీలయినచో బ్యాంకు ఖాతాను కూడ వేరుచేయుడు.

3. బస కుదుర్చు సంస్థ పంపు లెక్కలను భద్రపరచుడు. అందు అద్దె, పన్ను, సంస్థ కమీషను వేర్వేరుగా నుండునట్లు చూచుకొనుడు. చేతికి వచ్చిన డబ్బును గాక, కమీషను తీయకముందున్న అద్దెను మీ వ్యాపార విలువగా లెక్కించుడు.

4. ఇంటిని వసతికి వాడునప్పుడు ఇంటి పన్ను మారునేమో, లైసెన్సు కావలెనేమో పురపాలక సంఘము లేక గ్రామ పంచాయతీ కార్యాలయములో ముందే విచారింపుడు.

5. విదేశీయుడు బసచేసినచో 24 గంటలలో విదేశీయుల నమోదు అధికారికి తెలుపవలెను. ఇది పన్ను కాకపోయినను తప్పించుకొనరాని బాధ్యత.

విత్తనము కొనునప్పుడు ఎకరమునకు ఖర్చెంత, రాబడి యెంత అని రైతు లెక్క వేసికొనును గదా! గదికి మంచము కొనుటకు ముందు కూడ అట్లే లెక్క వేసికొనవలెను. అద్దెలో తనదెంతయో, ప్రభుత్వమునకు చెందవలసినది ఎంతయో ఎరిగిన రైతునకు ఈ ఉపవృత్తి నిశ్చింతగా అక్కరకు వచ్చును.