దారిలో గాయపడిన జంతువుకు వైద్యం: డాక్టరుకు చట్టం అండ ఎంత?

రోడ్డుపై వాహనం ఢీకొని ఓ పెంపుడు కుక్క పడి ఉంది. అటుగా వెళ్తున్న పశువైద్యుడు ఆగి చికిత్స చేశాడు. అయినా అది చనిపోయింది. తర్వాత వచ్చిన యజమాని 'మీ వల్లే పోయింది' అంటే?

యజమాని కోసం ఎదురుచూసే వ్యవధి చాలాసార్లు ఉండదు. కుక్క శరీరంలో కిలో బరువుకు సుమారు 80 నుంచి 90 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. అంటే 10 కిలోల కుక్కలో లీటరు కూడా ఉండదు. అందులో మూడో వంతు పోయినా ప్రాణాపాయమే. పైకి గాయం కనిపించకపోయినా కడుపులో రక్తస్రావం జరుగుతూ ఉండొచ్చు. చిగుళ్లు పాలిపోవడం దానికి ఒక గుర్తు. చిగురును వేలితో నొక్కి వదిలితే, సుమారు 2 సెకన్లలో మళ్లీ గులాబీ రంగు రావాలి. అంతకంటే ఆలస్యమైతే రక్తప్రసరణ మందగించిందని అనుమానించాలి.

రోడ్డు ప్రమాదంలో గాయపడిన మనిషికి సాయం చేసేవారికి మోటారు వాహనాల చట్టంలో రక్షణ ఉంది. 2019 సవరణతో వచ్చిన 134ఎ సెక్షన్ ప్రకారం, సదుద్దేశంతో ఉచితంగా ఆదుకున్నవారిపై సివిల్, క్రిమినల్ చర్యలు ఉండవు. అందులో జంతువుల ప్రస్తావన లేదు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 40వ సెక్షన్‌లోనూ రక్షణ ఉంది కానీ, అది ఆ చట్టం కింద పనిచేసే ప్రభుత్వ సేవకులకే. దారిన పోతూ ఆగిన ప్రైవేటు డాక్టరు ఆ పరిధిలోకి రాడు.

అలాగని అతడు పూర్తిగా నిస్సహాయుడు కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉచిత సేవను 'సేవ' నిర్వచనంలో చేర్చలేదు. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం జంతువును చంపడం నేరమే. అయితే అన్యాయంగా నష్టం కలిగించాలన్న ఉద్దేశం, లేదా అలా కలుగుతుందన్న ఎరుక ఉన్నట్టు రుజువు కావాలి. ఇక మిగిలేది నిర్లక్ష్యం పేరుతో వేసే సివిల్ దావా. పెంపుడు జంతువు చట్టం దృష్టిలో యజమాని ఆస్తి కనుక పరిహారం కోరవచ్చు. అమెరికాలోని కాలిఫోర్నియా ఈ ఖాళీని పూడ్చింది. ప్రమాద స్థలంలో అత్యవసర చికిత్స చేసిన పశువైద్యుడు, తీవ్ర నిర్లక్ష్యం ఉంటే తప్ప, యజమానికి పరిహారం చెల్లించనక్కర్లేదు.

బతికే ఆశ లేని జంతువుకు కారుణ్య మరణం ఇవ్వడం మరింత సున్నితమైన విషయం. యజమాని అందుబాటులో లేకపోతే, జంతుహింస నిరోధక చట్టం 13వ సెక్షన్ ప్రకారం ఆ ప్రాంత పశువైద్యాధికారి ధ్రువీకరించాలి, పోలీసు అధికారి మేజిస్ట్రేటు ఉత్తర్వు తీసుకోవాలి.

అందుకే దారిలో ఆగిన డాక్టరు రక్తం ఆపడం, నొప్పి తగ్గించడం, పోలీసులకు చెప్పడంతో పాటు సమయం, గాయాల ఫొటోలు, ఇచ్చిన మందుల వివరాలు రాసి ఉంచుకోవడం మేలు. రేపు ప్రశ్న వస్తే, సదుద్దేశంతోనే చికిత్స చేశానని చెప్పడానికి అవే ఆధారం.