స్లొవేనియా వెళ్తున్నారా? నాలుగు మాటలు: అపోహలు – వాస్తవాలు

అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్, జర్మన్ క్లాసుల బోర్డులకు కొదవ లేదు. పరాయి భాష అనగానే కోచింగ్, పరీక్ష, సర్టిఫికెట్ గుర్తుకు రావడం అమీర్‌పేట, పంజాగుట్ట వాసులకు సహజం. అందుకే వారం రోజులకు స్లొవేనియా వెళ్లేవాళ్లలో కొందరు అక్కడి స్లొవీన్ భాషంటే భయపడతారు, కొందరు దాన్ని పట్టించుకోరు. ఈ రెండూ అపోహల వల్లే.

అపోహ: వీసాకు స్లొవీన్ పరీక్ష పాసవ్వాలి.
వాస్తవం: అవసరం లేదు. స్లొవేనియా 2007 డిసెంబరు నుంచి షెంగెన్ ప్రాంతంలో ఉంది. 90 రోజులకు మించని పర్యాటక వీసాకు భాషా పరీక్ష ఏదీ ఉండదు.

అపోహ: స్లొవీన్, స్లొవాక్ ఒకటే.
వాస్తవం: వేర్వేరు దేశాలు, వేర్వేరు భాషలు. స్లొవాక్‌ది పశ్చిమ స్లావిక్ శాఖ. స్లొవీన్‌ది దక్షిణ స్లావిక్ శాఖ, క్రొయేషియన్‌కు దగ్గరి చుట్టం. పుస్తకం కొనేటప్పుడు, ఫోన్లో అనువాద భాష ఎంచుకునేటప్పుడు పేరు సరిచూసుకోండి.

అపోహ: అక్కడ అందరికీ ఇంగ్లిష్ వచ్చు, నేర్చుకోవడం దండగ.
వాస్తవం: రాజధాని ల్యుబ్ల్యానాలో, పర్యాటక పట్టణం బ్లెడ్ హోటళ్లలో ఇంగ్లిష్‌తో పని జరుగుతుంది. పల్లెల్లో, పెద్దవాళ్ల దగ్గర అన్నిసార్లూ జరగదు. పైగా సుమారు 21 లక్షల జనాభా ఉన్న ఆ దేశానికి భాషే ప్రాణం. స్లొవీన్‌లో తొలి పుస్తకాలు 1550లో అచ్చువేయించిన ప్రీమోష్ త్రూబార్ బొమ్మ అక్కడి ఒక యూరో నాణెం మీద ఉంటుంది. రెండు యూరోల నాణెం మీద ఉన్నది కవి ప్రెషేరెన్. భాషను అంతగా గౌరవించుకునే వాళ్లను వాళ్ల మాటతో పలకరించడం అతిథిగా మన మర్యాద.

అపోహ: ఆ మాటలకు మన నోరు తిరగదు.
వాస్తవం: మనకు కొన్ని శబ్దాలు ఇంగ్లిష్ వాళ్లకన్నా తేలిక. స్లొవీన్ త, ద శబ్దాలు మనలాగే పళ్లకు నాలుక తగిలించి పలికేవి. కాబట్టి ‘డోబర్ డాన్’ కాదు, ‘దోబర్ దాన్’ అనాలి. పగటిపూట నమస్కారం అదే. రోమన్ లిపిలో ‘సి’ అక్షరాన్ని చలి, చుక్క అనేటప్పుడు మన నోట వచ్చే దంత్య చకారంలా పలకాలి. ‘జె’ అక్షరం కనిపిస్తే ‘య’ అనాలి. ‘ల్యుబ్ల్యానా’ పేరులో వినిపించే యకారాలు అవే. ఇంగ్లిష్ పద్ధతిలో చదివితేనే చిక్కు.

అపోహ: వ్యాకరణం రాకపోతే నోరు విప్పకూడదు.
వాస్తవం: స్లొవీన్ వ్యాకరణం కష్టమన్న మాట నిజమే. సంస్కృతంలో ఉన్నట్టు ద్వివచనం కూడా ఉంది. ఒక కాఫీకి ‘ఎనో కావో’, రెండింటికి ‘ద్వె కావి’, మూడింటికి ‘త్రి కావె’. ఇది తప్పినా కాఫీ వస్తుంది, చివర ‘ప్రోసిమ్’ అనడం మాత్రం మరవకండి. దయచేసి అని దాని అర్థం. కృతజ్ఞతకు ‘హ్వాలా’, ఎంత అని అడగడానికి ‘కోలికో స్తానె’, ఎక్కడ అనడానికి ‘క్యే యె’. కొత్తవారిని ఆపి ఏదైనా అడగాలంటే ముందు ‘ఒప్రొస్తీతె’ అనాలి. అది మన ‘మీరు’ లాంటి గౌరవ రూపం.

అపోహ: మాంసం వద్దంటే శాకాహారం దొరికినట్టే.
వాస్తవం: ‘బ్రెజ్ మెసా’ అంటే మాంసం లేకుండా అని మాత్రమే. చేప, గుడ్డు రావచ్చు. చేప వద్దంటే ‘బ్రెజ్ రీప్’, గుడ్డు వద్దంటే ‘బ్రెజ్ యాయ్త్స్’ కూడా చెప్పాలి. శాకాహారులు తప్పక నేర్చుకోవాల్సినవి ఈ మూడే.

అపోహ: కోచింగ్ లేనిదే రాదు.
వాస్తవం: పది మాటలకు ఇన్‌స్టిట్యూట్ అక్కర్లేదు. ల్యుబ్ల్యానా విశ్వవిద్యాలయం ‘స్లోన్‌లైన్’ పేరుతో ఆన్‌లైన్ కోర్సు ఉచితంగా ఇస్తోంది. విని, పైకి పలికి, తెలుగు లిపిలో రాసుకోండి. అనువాద యాప్‌లో స్లొవీన్‌ను ముందే దింపుకుంటే నెట్ లేనప్పుడు ఆదుకుంటుంది. అయితే పలకరింపు, కృతజ్ఞత ఫోన్‌కు అప్పగించకండి. ఆ రెండూ మన నోటితో చెప్పాల్సినవే. టికెట్లు, హోటళ్లకు వెచ్చించే సమయంలో రోజుకు పదిహేను నిమిషాలు వీటికి కేటాయిస్తే ప్రయాణం నాటికి ఇవన్నీ నోటికి వస్తాయి.